ఇంటి లెక్క: నలభై దాటాక చిన్న బండి

యౌవనంలో బండి కొనేవాడు ఎంత వేగం పోతుందని అడుగుతాడు. నలభై దాటినవాడు అడగవలసిన ప్రశ్న వేరు. ఈ బండి పక్కకు ఒరిగితే లేపగలవారు మన ఇంట్లో ఎందరున్నారు? ఈ నెల ఆ సంగతే పాఠకులతో ముచ్చటించదలచాను. మన సంఘ సభ్యులలో ఉద్యోగ విరమణ దగ్గర పడినవారూ, పిల్లలు పై ఊళ్ళలో స్థిరపడినవారూ చాలామంది ఉన్నారు గనుక ఇది పదిమందికి పనికివచ్చే మాటే అనుకుంటాను.

అమెరికాలోను, ఐరోపా దేశాలలోను ఉద్యోగం చాలించుకున్న దంపతులు కొందరు మోటారు హోము అనే ఇల్లుబండిలో దేశాటనం చేస్తారు. పడక, పొయ్యి, నీళ్ళు, సర్వం అందులోనే. వినడానికి సుఖంగానే ఉంది. చిక్కల్లా ఒకచోట దిగిన తర్వాత వస్తుంది. పాలకో, మందు బిళ్ళకో అంగడికి పోవాలంటే గిన్నెలు సర్ది, తీగలు, గొట్టాలు ఊడదీసి, ఆ కొండంత బండిని సందులోకి తిప్పాలి. అందుచేత వారిలో కొందరు వెనుక ఇనుప చట్రం బిగించి, ఒక చిన్న స్కూటరును దానికి కట్టుకుపోతారు. చట్రం ఎంత మోయగలదు, వెనుక ఇరుసు మీద ఎంత భారం పడుతుంది అని ముందే లెక్క చూసుకుంటారు. వెనుక బరువు మితిమీరితే ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు పట్టు తప్పుతుంది మరి. కాబట్టి అక్కడ తేలికైన బండికే గిరాకీ.

మనకు ఇల్లుబండ్లు ఎక్కడివి అంటారేమో. బస్సూ రైలే మన పెద్ద బండ్లు. పరదరామి నుండి గుడియాత్తానికీ, చిత్తూరికీ బస్సులున్నాయి. కాని గుడియాత్తం రైలు స్టేషను ఊరికి దూరం. కాట్పాడిలో రైలు దిగినవాడు వేలూరు ఆసుపత్రికి మరొక బండి చూసుకోవాలి. పెద్ద బండి మనలను కూడలి దాకా తెస్తుంది గాని గడప దాకా తేదు. మిగిలిన ఆ రెండు మూడు మైళ్ళ బరువు నలభై దాటిన మోకాళ్ళకు బాగా తెలుసు.

కొడుకు దగ్గరో, కూతురి దగ్గరో నాలుగైదు నెలలు ఉండి వచ్చే పెద్దలు తమ స్కూటరును రైల్లో పంపుకునే వీలుంది. పెట్రోలు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, గోనెపట్టాతో గట్టిగా చుట్టించి, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు నకళ్ళతో పార్సిలు ఆఫీసులో ఇవ్వాలి. ఇల్లుబండి లేకపోయినా తోక బండి మనకూ ఉన్నట్టే. అయితే రాష్ట్రం దాటిన బండిని 12 నెలలకు మించి అక్కడే ఉంచుకుంటే ఆ రాష్ట్రపు నెంబరు వేయించాలని చట్టం. రాష్ట్రపు ఎల్ల పక్కనే ఉన్న మన పరదరామివారు ఇది గుర్తుంచుకోవాలి. పొద్దున చిత్తూరు పోయి సాయంత్రానికి తిరిగివచ్చేవారికి ఆ బెడద లేదు.

స్కూటరంటే జంకే పెద్దలకు ఒక మాట. ఇటలీలో 1946లో పుట్టిన వెస్పా తర్వాతి కాలంలో మన దేశంలోనూ తయారైంది. 1972లో బజాజువారి చేతక్ వచ్చింది. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకున్న రోజులవి. ఎడమ చేతి పిడిలోనే క్లచ్చీ గేర్లూ, కాలితో తన్నితే గాని మేలుకోని ఇంజనూ. 1980లో హోసూరు నుండి టీవీయెస్ 50 వచ్చింది. 1984లో కైనెటిక్ హోండా గేర్లు మార్చే పని లేకుండా, మీట నొక్కితే లేచే స్కూటరు తెచ్చింది. ఇరవై ఏళ్ళ వయసులో గేర్లకు భయపడినవారు నలభై అయిదులో నేర్చుకోగలుగుతున్నారంటే యంత్రం మనకోసం అంత సులువైందన్నమాట.

మా యింట్లో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు, గుమాస్తా బుద్ధి గనుక, నేను మొదట కాగితం తీశాను. బస్సు చార్జీలు ఒక పక్క, పెట్రోలూ నెల వాయిదా మరొక పక్క రాసి కూడాను. మా ఆవిడ ఆ కాగితం చూసి, “లెక్క బాగానే ఉందండీ. ఇంతకూ బండి మీకా, మన యింటికా?” అంది. “ఇద్దరికీ” అన్నాను. “అట్లయితే మీకు జ్వరం వచ్చిన నాడు అత్తమ్మను కంటి ఆసుపత్రికి నేను తీసుకుపోగలిగిన బండి చూడండి. పక్కింటి పిల్లవాణ్ణి ఎన్నిసార్లని బతిమాలేది?” అంది. ఆ మాటతో జాబితాలోని బరువు బండ్లు రెండూ కొట్టివేయబడ్డాయి. ఇప్పుడు ఆదివారాలు పొద్దున్నే బడి మైదానంలో వంతులవారీగా నేర్చుకుంటున్నాం. మా అమ్మ అరుగు మీది నుండే ఇద్దరికీ దిష్టి తీస్తున్నది.

ఈ వయసులో ఆడవారికెందుకు అనే పెద్దలు ఇంకా లేకపోలేదు. 1990ల మొదట్లో పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. చదువు చెప్పడానికీ, నీళ్ళు తేవడానికీ, సంతకు పోవడానికీ మరొకరి కోసం కాచుకునే పని తప్పింది. 2018లో తమిళనాడు ప్రభుత్వం ఉద్యోగాలు చేసే స్త్రీలకు బండి ధరలో సగం, 25,000 రూపాయలకు మించకుండా, సాయం చేసే పథకం తెచ్చింది. ఆరంభంలో దానికి పెట్టిన వయసు 18 నుండి 40 వరకు. నలభై దాటిన ఇల్లాలికి ఆ సాయం ఇంటివారే చేయవలసి వచ్చింది.

ఇక బండి ఎంపిక. సీటు మీద కూర్చుంటే రెండు మడమలూ నేలకు ఆనాలి. ఇంజను ఆపి వెనక్కు నెట్టి చూడాలి. నడిమి స్టాండు వేసి, తీసి చూడాలి. తేలిక మోపెడ్లు 90 కిలోల లోపు దొరుకుతాయి. మామూలు స్కూటర్లు 100 కిలోలు దాటేవే ఎక్కువ. మోపెడు చక్రాలు పెద్దవి గనుక గుంతల దోవలో మేలు. స్కూటరు సీటూ, కాళ్ళు పెట్టుకునే పలకా చీర కట్టుకున్నవారికి అనుకూలం. మీ దోవ ఎట్లాంటిదో చూసుకుని నిర్ణయించండి.

కాగితాల మాట. కారు లైసెన్సు ఉన్నంత మాత్రాన స్కూటరు నడపరాదు. ఆ తరగతికి వేరుగా పరీక్ష ఇవ్వాలి. నలభై దాటినవారు దరఖాస్తుతో డాక్టరు సర్టిఫికెట్టు జతపరచాలి. కంటి చూపు సంగతి అప్పుడే తేలిపోతుంది గనుక దీనిని పీడ అనుకోకండి. నేర్చుకునేవారి లైసెన్సు 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాక పరీక్షకు పోవచ్చు. కొత్త బండికి 5 సంవత్సరాల మూడవ పక్షం ఇన్సూరెన్సు 2018 సెప్టెంబరు నుండి తప్పనిసరి. హెల్మెట్టు ముందువారికీ వెనుకవారికీ ఇద్దరికీ ఉండాలి. ఈ వయసులో విరిగిన ఎముక పడుచువారి ఎముకలా త్వరగా అతకదు. కాబట్టి రెండో హెల్మెట్టు ధరను బండి ధరలోనే కలిపి లెక్క వేయండి. లైసెన్సు జంజాటం వద్దనుకునే వృద్ధులకు 250 వాట్లకూ, గంటకు 25 కిలోమీటర్లకూ మించని చిన్న బ్యాటరీ బండ్లున్నాయి.

రంగూ, కంపెనీ పేరూ తర్వాత చూడవచ్చు. బండి నడపవలసినవారిలో అందరికంటే బలహీనులెవరో వారిని వెంటబెట్టుకుని అంగడికి పొండి. వారు ఒంటరిగా స్టాండు వేయగలిగితే అప్పుడు బేరమాడండి.