పాదాలకీ ఒక గడి పెట్టండి

రావికమతంలో సాయంత్రం మా అరుగు మీద అరికాళ్ల ఊసు రాని రోజుండదు. "పగలంతా బాగానే ఉంటాదండి మేస్టారూ, పడుకున్నానంటే కారం రాసినట్టు ఒకటే మంటలు" అంటాడు చెరుకు రైతొకాయన. ఆయనకీ షుగరే, నాకూ షుగరే. దుప్పటి అంచు తగిలినా పాదం ఓర్చుకోని రాత్రులు నాకూ తెలుసు.

మందుల షాపుకెళితే నొప్పి బిళ్ల ఇస్తారు, లేదంటే బలానికో ఇంజెక్షను. షుగరుతో దెబ్బతిన్న నరం పెట్టే మంటకి మామూలు నొప్పి బిళ్ల పెద్దగా పనిచెయ్యదు. దానికి ప్రీగాబలిన్, డ్యులాక్సెటిన్ లాంటి వేరే మందులున్నాయి. డాక్టరు చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు. మగతగా ఉంటుంది, గుణం కనపడ్డానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులకే మానేసి మందు మంచిది కాదంటే ఎలా? ఏళ్ల తరబడి షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి బి12 విటమిన్ తగ్గినా తిమ్మిర్లొస్తాయి, రక్తపరీక్షలో తేలుతుంది. నడుములో నరం నొక్కుకున్నా, మద్యం ఎక్కువైనా ఇదే బాధ.

మంట కన్నా నాకు మొద్దుబారిన కాలంటేనే భయం. మందూ మాకూ లేకుండా మంట దానంతటదే పోయిందని సంబరపడేవాళ్లున్నారు. నరం చచ్చుబడినా మంట పోతుంది మరి! ఆ కాలికి చెరుకు నరికిన చేలో మోడు గుచ్చుకున్నా తెలీదు, కాపడానికి పెట్టిన నీళ్లు మరుగుతున్నా తెలీదు. చీము పట్టి వాసనొచ్చాక చోడవరం, అనకాపల్లి, ఆఖరికి విశాఖ కేజీహెచ్. అప్పటికి వేలు దక్కితే అదృష్టం.

ఈ మొద్దుబారడాన్ని ముందే పట్టుకోడానికి మిషనక్కర్లేదు. మనిషిని కళ్లు మూసుకోమని, రెండు కాళ్ల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసల్ని మన చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి. నొక్కకూడదు, రుద్దకూడదు. తాకినప్పుడల్లా ఏ కాలో చెప్పమనాలి. ఆరింటిలో రెండు తెలియలేదంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మా ఇంట్లో మనవరాలు చేస్తుంది నాకు, కితకితలు పెట్టకుండా ఉండడమే దానికి కష్టం.

దేశంలో షుగరున్నవాళ్లు పది కోట్లు దాటారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. ఆరోగ్య సిబ్బంది మా గుమ్మంలోకే వచ్చి బీపీ, షుగరు చూసి రాసుకుంటున్నారు, సంతోషం. చెప్పులు విప్పమన్నవాళ్లని మాత్రం నేను చూడలేదు. ఆ రాసుకునేదాంట్లో పాదాలకీ ఒక గడి పెట్టించండి, స్పర్శ పోయినవాళ్లకి మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు పీహెచ్‌సీలోనే ఇప్పించండి. 2022 నుంచి మాది అనకాపల్లి జిల్లా. కొత్త జిల్లా వైద్యాధికారులకి ఇది నా విన్నపం.