జట్టులో తగవు, చిన్నవారికి అభ్యంతరం

2024 ఫిబ్రవరి 26న ఇండోర్‌లో జరిగిన రంజీ క్వార్టర్ ఫైనల్‌లో ఆంధ్ర జట్టు మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆ రోజు ఓటమికంటే హనుమ విహారి మాటలే పెద్ద వార్త అయ్యాయి. బెంగాల్‌తో మ్యాచ్‌లో తాను 17వ ఆటగాడిపై కేకలు వేశానని, అతడు రాజకీయ నాయకుడైన తన తండ్రికి చెప్పాడని, ఆ ఒత్తిడితోనే అసోసియేషన్ తనను కెప్టెన్సీ నుండి తప్పుకోమన్నదని ఆయన ఆరోపించారు. ఆ యువ ఆటగాడు మాత్రం అది వ్యక్తిగత దూషణ అన్నాడు. ఇద్దరూ లోకమంతటి ఎదుట సామాజిక మాధ్యమాల్లోనే మాట్లాడారు.

ఎవరిది తప్పో తీర్పు చెప్పడం మన పని కాదు. అయితే రానున్న వేసవి సెలవుల్లో సికింద్రాబాద్‌లోని మన సంఘాల యౌవనస్థులు కూడా జట్లు కడతారు. వారిని నడిపించే అన్నలకు ఇలాంటి తగవు తప్పదు. అక్కడ తండ్రి రాజకీయ నాయకుడు కాకపోవచ్చు, సంఘ పెద్ద కావచ్చు.

తగవు రాగానే మనకు మత్తయి 18వ అధ్యాయం గుర్తుకొస్తుంది: ముందు ఒంటరిగా మాట్లాడాలి, తర్వాత ఒకరిద్దరు సాక్షులతో, చివరకు సంఘంతో. సమాన బలం గల ఇద్దరు ఆటగాళ్ల మధ్య మాటపట్టింపుకు ఇదే మంచి దారి. కోచ్ ఇద్దరినీ విడివిడిగా విని, తర్వాత ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. తల్లిదండ్రులకు జరిగింది చెప్పాలి గాని తీర్పు వారి చేతికి ఇవ్వకూడదు.

కానీ అదే అధ్యాయంలో ప్రభువు అంతకుముందే చిన్నవారిని అభ్యంతరపరచేవారి గురించి తీవ్రంగా హెచ్చరించాడు. ఈ వరుసను మనం మరువరాదు. పెద్దపిల్లలు గుంపుగా ఒకణ్ణి రోజూ రంగును బట్టి, ఇంటి పరిస్థితిని బట్టి ఎగతాళి చేస్తుంటే అది తగవు కాదు, వేధింపు. ఆ పిల్లవాణ్ణి “నువ్వే వెళ్లి మాట్లాడుకో” అని పంపడం వాక్యాన్ని అపార్థం చేసుకోవడమే. అక్కడ కోచ్ మొదట వేధింపు ఆపించాలి, జరిగింది రాసిపెట్టాలి, కాపరికీ తల్లిదండ్రులకూ తెలపాలి. వేధించినవాడు ఎంత బాగా ఆడినా మ్యాచ్‌కు పక్కన పెట్టాలి. పిల్లవాడికి ప్రమాదం ఉందనిపిస్తే 1098కి ఫోన్ చేయాలి. క్షమాపణ, సమాధానం ఆ తర్వాతి మాట. బలవంతంగా చేతులు కలిపించితే అది సమాధానం కాదు.

టోర్నమెంట్‌కు జట్టును పంపేముందు ప్రతి సంఘమూ తన కోచ్‌తో ఈ రెండింటి తేడా గురించి మాట్లాడాలి. కప్పు రాకపోయినా ఫరవాలేదు. మన జట్టులో ఆడిన పిల్లవాడు వచ్చే ఆదివారం భయం లేకుండా ఆరాధనకు రాగలగాలి.