మల్లీశ్వరి ఎత్తిన బరువు, మన స్టడీ అవరు



హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చే పెద్దలు ప్రతి ఏటా వేదిక మీద నుంచి చెప్పే మాట ఒకటుంది. "కష్టపడండి పిల్లలూ, పైకి వస్తారు." మనమంతా చప్పట్లు కొడతాం, శాలువా కప్పుతాం, పెద్దలు కారెక్కి వెళ్లిపోతారు. వారి మనసు మంచిదే, కాదనం. కానీ ఆ మాటతో మాకు ఒక పేచీ ఉంది. ఈ సంచికలో దాన్ని రాసేద్దామనుకున్నాం.

మన ఇళ్లల్లో కష్టపడని వాళ్లెవరు? ఉడుపుల రోజుల్లో తెల్లారకముందే చోడంబలి తాగి పొలానికి పోయే అమ్మ కష్టపడటం లేదా? పలాసలో జీడిగింజలు ఒలిచి ఒలిచి వేళ్లు నల్లబడిన పిన్నమ్మలు, పెద్దమ్మలు కష్టపడటం లేదా? చెన్నైకో, హైదరాబాదుకో, విజయవాడకో రైలెక్కి పోయి సెంట్రింగ్ పనిలో ఎండకెండి వానకు తడిసే అయ్య సంగతేమిటి? కష్టమొక్కటే మనిషిని పైకి తెచ్చేదైతే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈపాటికి పేదవాడు కనబడకూడదు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా ఇంకో మాట కూడా మనకు వినబడుతుంది. ఇది వేదిక మీద కాదు, కాలేజీ వరండాలో, బస్సులో, ఆఫీసు క్యాంటీన్లో. "మీకేంటిరా, రిజర్వేషన్ ఉంది, చదవకపోయినా సీటు వచ్చేస్తుంది." మన పూర్వ విద్యార్థుల్లో ఈ మాట పడనివారు తక్కువ. ఒకరేమో కష్టపడితే చాలంటారు, ఇంకొకరేమో మీరు కష్టమే పడలేదంటారు. ఇద్దరిలో ఎవరూ మన ఇంటి గుమ్మం తొక్కినవారు కాదు.

అందుకే అసలు కష్టం అంటే ఏమిటో, ఎలాంటి కష్టం మనిషిని ముందుకు తీసుకుపోతుందో కాస్త నిదానంగా చూడాలి. దీనికి ఆటగాళ్ల జీవితాలంత పనికొచ్చేవి వేరే లేవు. ఆటలో దాపరికం ఉండదు. బరువు లేచిందా లేదా, బంతి రింగులో పడిందా లేదా, అంతే.

ముందు మన ఊరి మనిషి సంగతి. ఆముదాలవలస స్టేషన్ తెలియనివాళ్లు మనలో లేరు. దాని పక్కనే ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి అక్కడి అమ్మాయే. పన్నెండేళ్ల వయసులో బరువులెత్తడం మొదలుపెట్టారు. తొలుత సన్నగా ఉన్నావు, నీకు ఇది పనికిరాదు అన్నారట. తర్వాత నీలంశెట్టి అప్పన్న గారి శిక్షణలో ఆరితేరారు. 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మన ఆముదాలవలస మనిషి! సిడ్నీకి పోకముందు ఆమెను ఎందుకు పంపుతున్నారని విమర్శించినవాళ్లు కూడా ఉన్నారు. పతకం వచ్చాక వాళ్ల గొంతు వినబడలేదు.

ఇక్కడిదాకా మనందరికీ తెలిసిందే, జనరల్ నాలెడ్జ్ పుస్తకంలోనూ ఉంది. మేము అడుగుతున్న ప్రశ్న వేరు. మన రైస్ మిల్లు దగ్గర కళాసీ రోజుకు ఎన్ని ధాన్యం బస్తాలు మోస్తాడు? ఒక్కో బస్తా డెబ్బై అయిదు, ఎనభై కిలోలు. పొద్దున్న నుంచి సాయంత్రానికి లెక్కేస్తే, మల్లీశ్వరి ఆ రోజు సిడ్నీలో ఎత్తిన మొత్తం బరువు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోసి ఉంటాడు. మరి ఆయనకు పతకం ఏదీ?

నవ్వకండి, ఇది హాస్యానికి అడిగింది కాదు. కళాసీ మోసే బస్తా నిన్న ఎంతో ఇవాళ అంతే, రేపూ అంతే. ఆయన ఎలా మోస్తున్నాడో చూసి, మోకాలు ఇలా వంచు, నడుము అలా పెట్టు అని చెప్పేవాడు లేడు. ఒళ్లు నొప్పి పుట్టిన రోజు సెలవిచ్చేవాడు లేడు. ఏం తిన్నావని అడిగేవాడు లేడు. బస్తాకు ఇంత అని కూలి చేతిలో పడుతుంది, లెక్క అక్కడితో తెగిపోతుంది. ఇరవై ఏళ్లు మోశాక ఆయనకు మిగిలేది నడుం నొప్పి.

వెయిట్‌లిఫ్టర్‌ది వేరే లెక్క. ఈ వారం ఇంత ఎత్తితే వచ్చే వారం ఇంకో రెండున్నర కిలోలు. ఎన్నిసార్లు ఎత్తిందీ, ఎక్కడ తప్పిందీ పుస్తకంలో రాసి ఉంటుంది. పక్కన కోచ్ కళ్లార్పకుండా చూస్తాడు. మోచేయి కాస్త వంగితే ఆపి మళ్లీ మొదటి నుంచి చేయిస్తాడు. ఒళ్లు తేరుకోవడానికి విశ్రాంతి రోజు ఉంటుంది. గుడ్లు, పాలు, మాంసం లెక్కగా ఉంటాయి. చెమట రెండు చోట్లా ఒకటే. కానీ ఇక్కడ చిందిన చెమటలో కొంత రేపటికి నిలవ ఉంటుంది. మనవాళ్లకు లేనిది ఆ నిలవే. మన అమ్మకూ అయ్యకూ కష్టపడే గుణం ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. పడిన కష్టం నిలవ ఉండే ఏర్పాటు వాళ్లకు ఎవరూ చేయలేదు.

సిడ్నీలో జరిగిన ఇంకో సంగతి. మల్లీశ్వరి చివరి ప్రయత్నానికి 137.5 కిలోలు పెట్టించుకున్నారు. అది నిలబెట్టి ఉంటే మొత్తం 247.5 అయ్యేది. బంగారు పతకం గెలిచిన చైనా అమ్మాయి లిన్ వీనింగ్ మొత్తం 242.5 మాత్రమే. ఆ బరువు లేవలేదు. చేతికొచ్చిన పతకం చాల్లే అనుకోకుండా స్వర్ణానికే పోయారు. పన్నెండేళ్ల పైచిలుకు సాధన ఉన్న మనిషి కాబట్టే ఆ బరువు అడగగలిగారు. ఓడిపోయిన ఆ ఒక్క ప్రయత్నం మాకు గెలిచిన రెండింటి కంటే ఎక్కువ నచ్చుతుంది.

ఇప్పుడు మన పిల్లల సెల్‌ఫోన్లలో తిరుగుతున్న వీరుల దగ్గరికి వద్దాం. బాస్కెట్‌బాల్ ఆడకపోయినా కోబీ బ్రయంట్ వీడియో చూడనివాడు ఇంటర్ కుర్రాళ్లలో లేడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రాక్టీసు చేసేవాడని ఆ వీడియోలు చెబుతాయి. నిజమే. పదింటికి మొదలుపెట్టేవాడి కంటే రోజుకు ఒక విడత ఎక్కువ చేయొచ్చు, ఏళ్లు గడిచేసరికి ఆ తేడాను ఎవరూ అందుకోలేరు అన్నది ఆయన లెక్క. 1996 నుంచి 2016 దాకా ఇరవై సీజన్లు ఒకే జట్టుకు ఆడాడు, అయిదు చాంపియన్‌షిప్‌లు గెలిచాడు. 2013 ఏప్రిల్‌లో కాలి మడమ నరం తెగిపోతే, ఆ కాలితోనే నిలబడి రెండు ఫ్రీ త్రోలు వేసి అప్పుడు మైదానం దాటాడు. 2020 జనవరిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు.

అయితే మాకు కోబీ కంటే రే అలెన్ కథ ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది. ఆయన పేరు మనలో చాలామంది విని ఉండరు. మూడు పాయింట్ల గీత బయటి నుంచి బంతి వేయడంలో మొనగాడు. 2,973 సార్లు అలా వేసి రికార్డు పెట్టాడు, 2021 డిసెంబరులో స్టీఫెన్ కర్రీ దాన్ని దాటాడు. రే అలెన్‌కు ఒక విచిత్రమైన సాధన ఉండేది. కోర్టు మీద వెల్లకిలా పడుకుని, ఒక్క ఉదుటున లేచి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ మూలకు పోయి, కింద గీత చూడకుండానే గీత తొక్కకుండా నిలబడి, వచ్చిన బంతి అందుకుని వేయడం. చూసేవాళ్లకు పిచ్చిలా ఉంటుంది. 2013 జూన్ 18న ఫైనల్స్ ఆరో మ్యాచ్. ఆయన జట్టు మయామి మూడు పాయింట్లు వెనకబడింది. ఓడితే ఆ ఏడాదికి ఇంటికే. గుంపులోంచి బంతి వచ్చింది, రే అలెన్ వెనక్కి నడిచి మూలకు పోయాడు, కిందికి చూడలేదు, వేశాడు. 5.2 సెకన్లు మిగిలి ఉండగా స్కోరు సమం. ఆ మ్యాచ్ గెలిచారు, తర్వాతిదీ గెలిచారు. దేవుడిచ్చిన చెయ్యి అని ఎవరైనా పొగిడితే ఆయనకు కోపం వచ్చేది. రోజూ తాను చేసే పనిని ఆ మాట తీసిపారేస్తుందని.

మన పిల్లవాడికి లెక్కల్లో నూరు వస్తే "వాడి బుర్ర అలాంటిది" అంటాం. రాకపోతే "వాడి రాత" అంటాం. రెండు మాటల్లోనూ వాడు చేసిన పనికి చోటు లేదు.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. నాలుగింటికి లేచే కోబీకి వంటమనిషి ఉన్నాడు, వైద్యుడు ఉన్నాడు, సొంత జిమ్ ఉంది. మన టెన్త్ పిల్లలు పరీక్షల ముందు రాత్రి పన్నెండు దాకా మేలుకుని, నాలుగింటికి గంట కొడితే లేచి, పుస్తకం ముందు కూర్చుని తూగుతారు. దీన్ని ఎవరైనా కష్టం అంటే మేము ఒప్పుకోం. అది కళాసీ బస్తా లాంటిదే, నిలవ ఉండదు. నిద్ర కూడా సాధనలో భాగమే, తిండి కూడా.

తోడు లేకుండా ఒంటి చేత్తో ఎవరూ పైకి రాలేదు. బాబాసాహెబ్ రోజుకు ఎన్ని గంటలు చదివేవారో ప్రతి వక్తా చెబుతాడు. 1913లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అన్న సంగతి మాత్రం చాలామంది దాటేస్తారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ మనలాగే సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. భువనగిరి కొండ మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ మంచులో వాళ్లకు శిక్షణ ఇప్పించారు కాబట్టి వాళ్ల గుండె ధైర్యానికి దారి దొరికింది. శిక్షణ దొరక్క కొండ కిందే ఉండిపోయిన పూర్ణలు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో!

మన పక్కనే నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ ఉంది. చిన్న ఊరు, కానీ ఇంటింటా వెయిట్‌లిఫ్టింగ్ మాటే. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తి మూడో స్థానంలో నిలిచారు. మొదట వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో సంతోషి కాంస్యం రజతమైంది. స్లిప్పులు పెట్టి పాసయ్యే మిత్రులు ఈ ముక్క రెండుసార్లు చదువుకోవాలి. ఆ ఊళ్లో పెద్దవాళ్లు ఎత్తుతుంటే చూసి చిన్నవాళ్లు ఎత్తుతారు. ఎత్తేవాడి తప్పు పక్కవాడు చెబుతాడు. పెద్ద భవనాల కంటే ఆ అలవాటు మన హాస్టల్‌కు ముందు రావాలి.

కాబట్టి మా మాట ఇదీ. స్టడీ అవర్‌లో ఎన్ని గంటలు కూర్చున్నామన్న లెక్క మానేద్దాం. పుస్తకం మూసి ఎన్ని లెక్కలు చేశాం, ఎన్ని తప్పాయి, నిన్న తప్పింది ఇవాళ వచ్చిందా అన్నది నోట్‌బుక్కులో రాసుకుందాం. ఇంటర్ చదివే అన్నలు టెన్త్ తమ్ముళ్ల పుస్తకం రాత్రి పది నిమిషాలు చూస్తే చాలు, కోచ్ దొరికినట్టే. ఇంగ్లీషుకు భయపడేవాడు రోజుకు అయిదు వాక్యాలు సొంతంగా రాసి దిద్దించుకోవాలి. ఏభై వాక్యాలు చూసి ఎక్కించి లాభం లేదు.

రెండోది, ఆటల గంటను టెన్త్ స్పెషల్ క్లాసులు మింగేయకూడదు. కొన్ని హాస్టళ్లలో గ్రౌండ్ ఉన్నా బంతి ఉండదు, బంతి ఉన్నచోట అది బీరువాలో ఉంటుంది. పోస్టు నిలబెట్టి రింగు మరిచిపోయిన చోటు కూడా మేము చూశాం. కలియుగ భీముడని పేరుపడిన కోడి రామ్మూర్తి గారు పుట్టిన వీరఘట్టం మనకు దూరం కాదు. ఆయన పేరుతో శ్రీకాకుళంలో స్టేడియం ఉంది. అలాంటి నేల మీద సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఒక్క గంట పిల్లవాడికి దక్కకపోతే ఎలా? మెనూలో రాసిన గుడ్డు పిల్లవాడి కంచంలో కనబడాలని అడగడం కూడా ఈ కోవలోదే. అది దయ కాదు, సాధనలో భాగం.

పూర్వ విద్యార్థుల్లో ఉద్యోగాలు చేస్తున్న కొందరం ఈ ఏడాది వాలీబాల్ నెట్టు ఒకటి, బంతులు రెండు, ఆ రింగుకు కావలసిన ఇనుప సామాను కొనిపెడతామని ఒప్పుకున్నాం. నోట్‌బుక్కులు చూడటానికి ఇంటర్ సెకండియర్ నుంచి ఆరుగురు పేర్లు ఇచ్చారు, ఇంకా నలుగురు కావాలి. ఆదివారాలు గ్రౌండ్ గేటు తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది మాత్రం తేలలేదు. వార్షికోత్సవం మర్నాడు భోజనాలయ్యాక కూర్చుందాం, అందరూ రండి.