అంగడి హుండీ - సైనికుని బండి

ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీన సాయుధదళముల పతాకదినము జరుగుచున్నది. 1949 ఆగస్టు 28న రక్షణమంత్రి ఆధ్వర్యవమున కూడిన సంఘమొకటి చేసిన తీర్మానముననుసరించి యేర్పడిన యీ యాచారమునకు ఏడుపదుల యేండ్లు దాటినవి. ఆనాడు విద్యార్థులు ఎరుపు, ముదురునీలము, లేతనీలము అను మూడు రంగుల చిన్న కాగితపు జెండాలను, సీలు వేసిన డబ్బాలను చేతబట్టుకొని వీధులవెంట తిరుగుదురు. అధికారుల చొక్కాలకు జెండాలు గ్రుచ్చుట, ఛాయాచిత్రము తీయుట, మరునాడు పత్రికలయందు ప్రకటించుట జరుగును. ఎనిమిదవ తేదీనుండి మరల సంవత్సరమువరకు ఆ డబ్బాలమాట తలచువారుండరు.

ఆ ఎనిమిదవ తేదీయే 2021వ సంవత్సరమున చిత్తూరు మండలమునకు మరపురాని దినమయ్యెను. జనరల్ బిపిన్ రావత్ గారితోగూడ నీలగిరులలో హెలికాప్టరు కూలి మృతినొందినవారిలో నాటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలమునకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ యొకడు. ముందునాడు కాగితపు జెండాలు గ్రుచ్చుకొన్న మన ప్రజలే ఆ వార్త విని కన్నీరు పెట్టుకొనిరి. ఆ కన్నీరు కపటము కాదు. కాని చనిపోయిన సైనికునికి ఏడ్చుట మనకు తెలిసినంతగా, బ్రతికి యింటికి వచ్చిన సైనికుడు మరునాడు ఇల్లు కదలి యెట్లు పోవునో విచారించుట మనకు తెలియదు. నేటి మా ప్రస్తావన యా రెండవవానిని గురించినది. అందులోను, వాని బండిని గురించినది.

బండియనగనేమి? కాలు చచ్చుపడిన మాజీ సైనికునికి రెండు చక్రముల స్కూటరుకు వెనుకవైపున ఇంకొక రెండు చక్రములు తగిలించి, చేతితోనే నడుపుకొనునట్లు మార్చియిచ్చిన బండి. కొలువులోనుండగా వికలాంగుడైనవానికి సైన్యశాఖవారి యేర్పాటు వేరుగా కలదు. కొలువు విడిచివచ్చిన పిమ్మట ప్రమాదముననో వ్యాధిచేతనో నూటికి 50 పాళ్లు, అంతకు మించి, వైకల్యము పొంది, ఆ యేర్పాటు వర్తింపనివారికి కేంద్రీయ సైనికబోర్డువారు పతాకదినపు నిధినుండి ఇట్టి బండికై ద్రవ్యసహాయము చేయుచున్నారు. అనగా మనము డిసెంబరులో డబ్బాలో వేసిన రూపాయి యెక్కడికి పోవునని యడుగువారికి ఇది యొక ప్రత్యుత్తరము: అది యొకచోట చక్రమగుచున్నది. వేర్వేరుగానుండిన నిధులను 1993లో ఒక్కటిగా కూర్చిన పిమ్మట యుద్ధవితంతువుల సహాయము, పిల్లల చదువు, ఖడ్కీలోను మొహాలీలోను గల పక్షవాతపీడిత సైనికుల ఆశ్రమములు మున్నగు కార్యము లన్నియు ఆ మూలధనమునుండియే యాదుకొనబడుచున్నవి.

ఇంతవరకు బాగుగనే యున్నది. చిక్కు తరువాత వచ్చుచున్నది. బండి యొకసారి ఇచ్చెదరు, అది పాతబడును. పలమనేరు, కుప్పము వైపు గ్రామముల బాటలు ఎట్టివో ఆ బాటల తిరిగినవారికి చెప్పనక్కరలేదు. తగిలించిన చక్రముల ఇరుసు వంగును, బోల్టులు వదులగును, టైరు ఒకవైపే అరుగును. ఊరి మెకానిక్కు సాధారణపు బండి యెరుగునుగాని యీ నాలుగు చక్రముల యమరిక యెరుగడు, పట్టణమునకు తీసికొనిపొమ్మనును. నడువలేనివాడు నడువని బండిని పట్టణమున కెట్లు తీసికొనిపోవును? అది పశువులపాకలో చేరును. దానిపై కోళ్లు పడుకొనును. ప్రభుత్వపు లెక్కలో మాత్రము ఆతనికి బండి యిచ్చినట్లే యుండును.

మన ప్రాంతమునకు మరియొక విశేషము కలదు. ఎముక విరిగినవానికి పుత్తూరు కట్టు కలదు. దేశపు నలుమూలలనుండి జనులు దానికై వత్తురు. కాలు పోయినవానికి తిరుపతిలో దేవస్థానమువారు 1985లో నెలకొల్పిన బర్డ్ వైద్యశాల కలదు. అచ్చట కృత్రిమావయవములు అమర్చుచున్నారు. మనిషి యవయవమును బాగుచేయుటకు ఇంత ఖ్యాతిగన్న సీమలో ఆ మనిషికి రెండవ కాలైన బండిని బాగుచేయు చోటు లేకుండుట వింతగా లేదా? పరికరములకా కొఱత? కరకంబాడి బ్యాటరీలు దేశమంతట అమ్ముడగుచున్నవి. శ్రీసిటీలో 2016నుండి మోటారుకార్లు తయారగుచున్నవి. సత్యవేడు ప్రాంతమున మోటారుసైకిళ్ల కర్మాగారము, చినపండూరున టైర్ల కర్మాగారము వెలసినవి. చక్రము, టైరు, బ్యాటరీ, యంత్రము అన్నియు మన గడపలోనే పుట్టుచున్నవి.

పనివారికా కొఱత? అదియునుగాదు. 1943 అక్టోబరు 15న యేర్పడిన ఇ.ఎం.ఇ. దళమునకు సికిందరాబాదు ప్రధానకేంద్రము. ట్యాంకునుండి జీపువరకు యుద్ధభూమిలోనే విప్పి బిగించు పనితనము నేర్చినవా రా దళములోనివారు. జవాను నలుబదేండ్లయినను నిండకముందే యింటికి వచ్చుచున్నాడు. వచ్చి యేమి చేయుచున్నాడు? బ్యాంకు గుమ్మమున, ఏ.టి.ఎం. ముందర, అపార్టుమెంటు గేటువద్ద కుర్చీ వేసికొని కూర్చుండియున్నాడు. ఆ పని హీనమని మా యభిప్రాయము కాదు. ఇంజను శబ్దము విని రోగము చెప్పగలవాని చేత రాకపోకల రిజిస్టరు వ్రాయించుట దుర్వ్యయమని మాత్రము చెప్పకతప్పదు. 2022లో ప్రకటించిన అగ్నిపథము నియమముల ప్రకారము చేరినవారిలో నూటికి 25 మందికి మించకుండ మాత్రమే నిలుపుకొని, తక్కినవారిని నాలుగేండ్లకే పంపివేయుదురు. కావున ఈ ప్రశ్న మునుముందు మరింత పెద్దదగును.

కావున మా సూచన యిది. తిరుపతిలో మాజీ సైనిక మెకానిక్కులే నడుపు చిన్న మరమ్మతుశాల యొకటి యుండవలెను. అందు వికలాంగులైన మాజీ సైనికుల బండ్లను, చక్రపుకుర్చీలను ఉచితముగా బాగుచేయవలెను. తుప్పుపట్టి మూలబడినవాటిని తెచ్చి విప్పి, మరల నడుచునట్లు చేసి, వరుసలో వేచియున్నవారికి ఇవ్వవలెను. నెలకొకసారి గ్రామములకు పోవలెను. దానికి కావలసిన ద్రవ్యమును అంగళ్లనుండి కూర్చవలెను.

అంగళ్లనుండియే యేల యని యడుగవచ్చును. తిరుపతివంటి యూరు మరియొకటి లేదు గనుక. ఇచ్చట హుండీ యనగా నేమో పసిబిడ్డకును తెలియును. ముడుపు కట్టుకొని వేయిమైళ్లు వచ్చి, కట్టినది కట్టినట్లు చెల్లించిపోవు జనులు ప్రతిదినము గాంధీరోడ్డున, గోవిందరాజస్వామి మాడవీధుల నడచుచున్నారు. కలకండ, పసుపుకుంకుమ, పటములు, చేతిదారములు కొనుచున్నారు. ఇచ్చు మనసుతో వచ్చినవాని యెదుట డబ్బా యుంచుటకు ఉపన్యాసమక్కరలేదు. మన వర్తకులకును ఇది క్రొత్త ధర్మము కాదు. పూర్వము వర్తకశ్రేణులు అమ్మకమున కింతయని ఆలయమునకు తీసియుంచెడి మగమ శాసనములలో కనబడుచున్నది. 1921లో బెజవాడ కాంగ్రెసు సభ కోటిరూపాయల తిలక్ స్వరాజ్యనిధికి పిలుపిచ్చినప్పుడు మూడు నెలలలో ఆ కోటి నిండినది. ఆడువారు నగలు ఒలిచియిచ్చిరి, అంగళ్లవారు గల్లాపెట్టెలు తెరచిరి. ఇప్పుడు కోటి యడుగుటలేదు. 100 అంగళ్లవారు దినమునకు 50 రూపాయలచొప్పున నెలదినములు కూర్చిన 1,50,000 రూపాయలగును. ఇరుసులకు, టైర్లకు, బోల్టులకు అది చిన్నమొత్తము కాదు.

అయితే చిల్లర యేదీ? కొన్నియేండ్లక్రిందట అంగడివాడు "చిల్లర లేదు" అని రెండు చాక్లెట్లు చేతబెట్టుటయు, మనము ఇష్టములేకున్నను నోట వేసికొనుటయు నిత్యకృత్యముగా నుండెను. ఆ చాక్లెట్ల సొమ్మంతయు డబ్బాలో పడియుండినచో ఎన్ని బండ్లు నడచియుండెడివో! ఇప్పుడు యూపీఐ వచ్చి చిల్లరను మ్రింగివేసినది. తమలపాకులకు 23 రూపాయలైన 23 రూపాయలే ఫోనులో పోవుచున్నవి. కావున డబ్బాప్రక్కన క్యూఆర్ పటము కూడ నుండవలెను. ఆ పటము జిల్లా సైనికసంక్షేమ కార్యాలయమువారి యధికార ఖాతాదే కావలెను. ఒకరి పటముపై మరియొకరు తమ పటము నంటించి దోచుకొను దొంగతనము లోకములో నున్నదే. కనుక చెల్లించువాడు ఫోనులో కనబడు పేరును చదివిన పిమ్మటనే మీట నొక్కవలెను.

వర్తకసోదరులకు రెండుమాటలు కటువుగానే చెప్పుచున్నాము. అడిగి తీసికొనవలెను, బిల్లులో కలిపి తీసికొనరాదు. మొగమాటమున కీడ్చిన రూపాయి దానము కాదు. రెండవది, కొనువాడు వేసిన సొమ్మును తమ దానముగా చూపి పన్నుమినహాయింపు పొందుటగాని, అంగడిపేర పెద్ద చెక్కు నట్ట తయారుచేసి పటము తీయించుకొనుటగాని న్యాయము కాదు. ప్రకటనయే కావలసినచో వేరుగా ఖర్చుపెట్టుకొనవచ్చును. పెద్ద కంపెనీలకు చట్టముననుసరించి లాభములో నూటికి 2 పాళ్లు సామాజికకార్యములకు వ్యయపరుప బాధ్యత కలదు. ఆ కార్యముల పట్టికలో మాజీ సైనికుల, యుద్ధవితంతువుల సంక్షేమము స్పష్టముగా చేర్చబడియున్నది. మన జిల్లాలోని కర్మాగారములవారు టైర్లు, బ్యాటరీలు, పనిముట్లు ఈ పద్దున నిచ్చుటకు ఎట్టి యాటంకమును లేదు.

ఇది ప్రభుత్వపు పని, అంగడివాని పనియా యని కొందరందురు. అది సగము సత్యము. బండి యిచ్చుట, పింఛనిచ్చుట ప్రభుత్వపు విధి. ఆ విధినుండి ప్రభుత్వమును తప్పింపజూచువారితో మేము కలియము. కాని టైరు పంచరైననాడు ఢిల్లీకి అర్జీ పెట్టుట యెట్లు? ఇరుగుపొరుగు చేయవలసిన పనులు ఎంత గొప్ప ప్రభుత్వమునకైనను మిగిలియే యుండును.

పరదేశములయందు ఈ విషయమై జరిగినదానిని చూడుడు. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1921లో ఇంగ్లండున ఎఱ్ఱని గసగసాలపువ్వు గుర్తుతో చందాలు వసూలుచేయసాగిరి. మరుసటి సంవత్సరమే మేజర్ హౌసన్ అనునాయన ఆ పువ్వులను వికలాంగులైన సైనికుల చేతనే చేయించుటకు కర్మశాల పెట్టెను. చందాయు, జీతమును ఒక్క పువ్వులోనే కలిసినవి. ఆ పువ్వును వలసరాజ్యములందును అమ్మించిరి. సింహళదేశమున 1931లో దేశాభిమానులు ఆ సొమ్ము తమ సైనికులకు గాక అధికముగా బ్రిటిషు సైనికులకే పోవుచున్నదని గుర్తించి, దానికి పోటీగా మన గంగరావిపువ్వును, వారి భాషలో సూర్యమల్ అనుదానిని, అమ్మిరి. ఎవరి సొమ్ము ఎవరికి చేరుచున్నదను ప్రశ్న నాడు దేశాభిమానపు ప్రశ్నయే యయ్యెను. ఇంగ్లండుననే 2012లో స్థాపితమైన మిషన్ మోటార్‌స్పోర్ట్ అను ధర్మసంస్థ గాయపడిన సైనికులను మోటారు పనిలో, పందెములలో ప్రవేశపెట్టి, అందుమూలముగా మనసు కుదుటపరచి ఉద్యోగములు చూపుచున్నది. చేయి గ్రీజులో నుండగా మనసు పాతయుద్ధమునకు పోదని దాని యనుభవము కాబోలు.

మన తెలుగుదేశముననే సాక్ష్యము లేకపోలేదు. 1969లో నౌకాదళమున చేరి 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామిని మరుసటి యేడు విశాఖపట్టణపు కడలియొడ్డునకు చేర్చి ప్రదర్శనశాలగా తెరచిరి. దానిలోపల చూపరులకు దారిచూపువారు నౌకాదళమునుండి విరమించినవారే. ఇనుము నిలిచినది, దానిని నడపినవారికి భుక్తియు దొరకినది. విమానములలో, 1947లో శ్రీనగరమున దిగిన డకోటా సంఖ్యను ధరించి, ఇంగ్లండున బాగుచేయబడి 2018లో మన వాయుసేనలో చేరిన "పరశురామ" కలదు. డకోటాలు నడపిన తండ్రియగు ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ గారి గౌరవార్థము కుమారుడు దాని నొసగెను. ఇందుకు విరుద్ధముగా విక్రాంత్ గతి తలచుకొన్న మనసు కలుక్కుమనును. 1971లో దానిని మ్రింగవచ్చిన ఘాజీ విశాఖ సమీపమున సముద్రగర్భమున చేరెను. గెలిచివచ్చిన విక్రాంత్ మాత్రము నిలుపుకొనుటకు ద్రవ్యము కుదరక 2014లో వేలములో సుమారు 60 కోట్లకు తునాతునుకలగుటకు పోయెను. ఆ లోహము కలిపి 2016లో ఒక కంపెనీ మోటారుసైకిళ్లు చేసి యమ్మగా జనులు ఆదరముతో కొనిరి. తునిగిన పిమ్మట కొనుటకు చేతులున్నవి. తునుగకముందు కాపాడుటకు డబ్బాలు కానరాలేదు.

మన పాకలలోని స్కూటర్లు విక్రాంతులు కావు, వాటికి కోట్లక్కరలేదు. కావలసినది రెండు గదుల చోటు, నలుగురు పనివారు, విప్పుటకు పనిముట్లు, లెక్క వ్రాయుటకు పుస్తకము. 1971 తూర్పుయుద్ధమున మహావీరచక్రము గడించిన మేజర్ జనరల్ వేణుగోపాల్ గారు నివసించిన యూరు తిరుపతి. 2021లో విజయజ్యోతి ఆయన యింటికి వచ్చినప్పుడు ఊరంతయు గర్వించెను. ఆ గర్వముగల యూరున వర్తకసంఘమువారు, మాజీ సైనికుల సంఘమువారు, జిల్లా సైనికసంక్షేమాధికారి ఒక్కచోట కూర్చుండుటకు ఒక సాయంకాలము చాలును.

డబ్బాలను నవంబరు మొదటివారముననే యుంచవలెను. డిసెంబరు 7న గాంధీవిగ్రహమువద్ద, ఇచ్చినవారందరు చూచుచుండగా, సీలు విప్పి లెక్కింపవలెను. ఏ యంగడి డబ్బాలో ఎంత పడినదో, ఏ గ్రామమున ఎవరి బండికి ఏ చక్రము మార్చిరో ఆ యంగడి తలుపునకే కాగితమంటించి తెలుపవలెను. అట్టి కాగితములు మా కార్యాలయమునకు పంపినచో ఒక్కటియు విడువక ప్రకటింతుము.