ఒక్క వాక్యం చాలు!

కొత్తగా నాన్‌స్టిక్ పెనం కొన్న ఇంట్లో మొదట వినిపించే మాట... 'దాంట్లో స్టీలు గరిటె పెట్టారంటే ఊరుకోను!'

ఆ పెనానికి సరిజోడైన గరిటె నెల్లూరు జిల్లా పడమటి కొసన, ఉదయగిరిలో ఉంది. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్కతో అక్కడివాళ్లు చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. ఎన్నో కుటుంబాలకు ఆ పనే ఆధారం. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మరి దాన్ని అమ్మడం ఎలా? ఆత్మకూరులో ఒకరు ఆ చెంచాల దుకాణం తెరిచారనుకుందాం. కొండమీది కోటను 1514లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచిన సంగతి దగ్గర్నుంచి చెక్క రకాల దాకా అన్నీ బోర్డు మీద రాయాలనిపిస్తుంది. అన్నీ నిజాలే. కానీ కూరగాయల సంచీతో నిలబడ్డ ఇల్లాలికి అంత తీరికెక్కడిది? 'పెనం మీద గీతలు పడవు, చెయ్యి కాలదు'... ఆమెకు కావలసింది ఈ ఒక్క వాక్యమే.

అనవసరమైనవి వదిలేయడం పెద్ద కంపెనీలకీ కష్టమే. స్టీవ్ జాబ్స్ 1997లో తిరిగి వచ్చేసరికి యాపిల్ లెక్కకు మించిన రకాల కంప్యూటర్లు తయారు చేస్తోంది. ఆయన నాలుగు గళ్లు గీశాడు. మామూలు వినియోగదారులకు రెండు, వృత్తి నిపుణులకు రెండు. వాటిలో ఒకటి బల్లమీద పెట్టుకునేది, ఒకటి వెంట తీసుకెళ్లేది. వాటికే కట్టుబడి మిగతావి ఆపేశారు. 1997లో వంద కోట్ల డాలర్లకు పైగా నష్టపోయిన సంస్థ, మరుసటి ఏడాది 30 కోట్ల డాలర్ల పైచిలుకు లాభం చూసింది. కారణాలు ఇంకా ఉన్నా, తొలి అడుగుల్లో అదొకటి.

అయితే ఇక్కడో చిక్కుంది. సాదాగా కనిపించే వస్తువును జనం చవక అనుకుంటారు. 'చెక్క చెంచాయేగా, పదికి రెండిస్తావా?' అని బేరమాడతారు. ఆ బేరంలో తరిగేది చెక్కినవాళ్ల కూలి. అందుకని రంగులూ నగిషీలూ అద్దక్కర్లేదు. నున్నటి చెంచా పక్కన, దాన్ని చెక్కడానికి ముందున్న మొద్దు ముక్కను పెడితే చాలు. ధర ఎందుకంతో ఆ రెండే చెబుతాయి. 'నీళ్లలో నానబెట్టొద్దమ్మా, కడిగి ఆరబెట్టండి' అని కొన్నాక చెప్పి పంపితే చెంచా మన్నుతుంది. మళ్లీ కొనాల్సి వచ్చినప్పుడు ఆ కొట్టే గుర్తొస్తుంది.

టిఫిన్ సెంటరైనా, ట్యూషనైనా, చీరల కొట్టయినా సూత్రం ఒకటే. మీ దగ్గరికి ఎందుకు రావాలో కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. ఇంట్లో పదేళ్ల పిల్లకు చదివి వినిపించండి. వెంటనే అర్థమైందా... అదే మీ బోర్డు. కాలేదా... కొట్టేయాల్సిన మాటలు అందులో ఇంకా ఉన్నాయన్నమాట!