బాపట్ల అమ్మాయి గురి: షూటింగ్ నేర్చుకోవాలంటే ముందు ఏం తెలియాలి?

తుపాకీ అనే మాట వినగానే మన ఇళ్లలో మాట్లాడుకోవడం ఆగిపోతుంది. కాలేజీలో ఎన్‌సీసీ చేరిన అమ్మాయి, ఫైరింగ్ ప్రాక్టీస్‌కి సంతకం కావాలని కాగితం తెస్తే అబ్బా మొదట అడిగేది "అదెందుకమ్మా మనకి?" అనే. అమ్మీ అడిగేది "దెబ్బ తగిలితే?" అని. ఇంకో భయం కూడా ఉంది. దాన్ని ఎవరూ పైకి అనరు. ముస్లిం ఇంట్లో తుపాకీ మాట వినపడితే పక్కింటివాళ్లు ఏమనుకుంటారు, స్టేషన్‌లో ఏమనుకుంటారు అన్నది. ఈ మూడో భయమే చాలా ఇళ్లలో మొదటి రెండింటికన్నా పెద్దది. దాన్ని దాచిపెట్టి "షూటింగ్ మంచి క్రీడ" అని చెప్పడంవల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

తెలుగు అమ్మాయిలకు ఈ ఆట పనికిరాదనడానికి మాత్రం ఇప్పుడు వీల్లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ల వయసులో, సీనియర్ జాతీయ పోటీల్లో మను భాకర్, హీనా సిద్ధూ లాంటివాళ్లను దాటి ఎయిర్ పిస్టల్ టైటిల్ గెలిచింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లింది. 2025 సెప్టెంబర్‌లో చైనాలోని నింగ్బోలో జరిగిన ప్రపంచ కప్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచింది. ఆమెకన్నా ముందు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ కూడా హైదరాబాద్‌లో పెరిగినవాడే.

మన ఇళ్లకు ఇంకా దగ్గరగా అనిపించే పేరు అనీసా సయ్యద్. మహారాష్ట్ర అమ్మాయి. ఎన్‌సీసీలోనే తుపాకీ పట్టడం నేర్చుకుంది. కొన్నాళ్లు రైల్వేలో ఉద్యోగం చేసింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో రెండు స్వర్ణాలు, 2014 గ్లాస్గోలో రజతం. ఆమె ప్రయాణం మొదలైంది ఖరీదైన క్లబ్బులో కాదు, కాలేజీ పిల్లలు వెళ్లే ఎన్‌సీసీలో. బాపట్ల, తెనాలి, రేపల్లెల్లో చదివే అమ్మాయికి కూడా అందుబాటులో ఉండే మొదటి తలుపు అదే.

దుస్తుల సంగతి పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు. చాలా ఆటలతో పోలిస్తే ఇక్కడ గొడవ తక్కువ. రైఫిల్ షూటర్లు మందపాటి జాకెట్, పొడుగు ప్యాంటు వేసుకుంటారు. హిజాబ్ అడ్డం కాదు. 2012 లండన్‌లో ఖతర్ జెండా పట్టుకుని నడిచిన బహియా అల్ హమద్ హిజాబ్‌తోనే ఎయిర్ రైఫిల్ పోటీలో పాల్గొంది. అదే పోటీలో మలేసియా షూటర్ నూర్ సూర్యానీ ఎనిమిది నెలల గర్భంతో నిలబడింది. అప్పట్లో ప్రపంచమంతా ఆమె గురించి రాసింది. పొట్టలో బిడ్డ ఉండగా తుపాకీ ఏమిటని కొందరు విసుక్కున్నారు కూడా. గర్భిణులు ఈ ఆట గురించి డాక్టర్‌ని అడగాల్సిన కారణం ఒకటి నిజంగానే ఉంది. పెల్లెట్లు సీసంతో చేసినవి. ప్రాక్టీస్ అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఎవరూ తిండి ముట్టుకోకూడదు. పెల్లెట్ నోట్లో పెట్టుకునే పాడు అలవాటు అసలే వద్దు.

ఇక భద్రత. బాపట్లవాళ్లకు రేంజ్ అంటే ఏమిటో వేరేవాళ్లు వచ్చి చెప్పక్కర్లేదు. సూర్యలంక వైమానిక దళ స్థావరంలో క్షిపణి పరీక్షలు జరిగే రోజుల్లో వేటకు వెళ్లొద్దని మత్స్యకారులకు ముందే చెబుతారు. కాల్చే దారిలో మనిషి ఉండకూడదు, ఉన్నాడేమోనన్న అనుమానం వస్తే కాల్చకూడదు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ గదిలోనూ నియమం ఇదే, కొలత మాత్రమే చిన్నది.

మొదటి రోజు మంచి కోచ్ అమ్మాయి చేతికి పెల్లెట్ ఇవ్వడు. ఖాళీ తుపాకీ ఇస్తాడు. అది ఖాళీదని తెలిసినా నిండుగా ఉన్నట్టే పట్టుకోమంటాడు. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే తల తిప్పొచ్చు, తుపాకీ తిప్పకూడదు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే: "సార్, ఇది పనిచెయ్యట్లేదు" అంటూ తుపాకీతో సహా తిరుగుతారు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పడకూడదు. "స్టాప్" అన్న మాట వినపడగానే అందరూ ఆగాలి. తుపాకీ ఖాళీ చేసి, ఖాళీగా ఉందని కనపడేలా గొట్టంలో రంగు తాడు పెట్టి, బల్లమీద ఉంచి, వెనక్కి జరగాలి. రేంజ్ అధికారి చెప్పేదాకా టార్గెట్ కాగితం తెచ్చుకోవడానికి ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యకూడదు. పెద్దవాళ్లు ఇదంతా విని కొత్త విషయమనుకోనక్కర్లేదు. ఆయుధాన్ని తోటి మనిషివైపు చూపొద్దని, బాణాలతో మసీదులోకో బజారులోకో వెళ్తే మొనలు చేత్తో పట్టుకుని వెళ్లమని హదీసుల్లో చెప్పిన జాగ్రత్త ఇదే కదా.

ఆ తర్వాత నేర్పేది నిలబడటం, ఊపిరి, చూపు. పిస్టల్ ఒంటి చేత్తోనే పట్టాలి. పోటీలో 60 గుళ్లు, 75 నిమిషాలు. 2018కి ముందు ఆడవాళ్లకు 40 గుళ్లే ఉండేవి, ఇప్పుడు మగవాళ్లతో సమానం. పది మీటర్ల దూరంలో పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు, అంటే రూపాయి బిళ్లలో సగం. రైఫిల్‌కైతే అది అర మిల్లీమీటరు చుక్క, ఆవగింజ కన్నా చిన్నది. కండబలం ఇక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. గంటకు పైగా ఒకే పనిమీద మనసు నిలపగలగడం లెక్క. ఒక గుండు పాడైతే దాన్ని వదిలేసి తర్వాతిదానికి సిద్ధమవ్వాలి. కుట్టుపని, ఎంబ్రాయిడరీ చేసిన చేతులకు ఇది కొంత తెలిసిన ఓపికే.

చట్టం విషయానికొస్తే, 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళాలకు మించని గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ ఈ హద్దులోపలివే. గుళ్లమందుతో పేలే .22 లాంటివాటికి మాత్రం లైసెన్స్ తప్పదు. ఆ దరఖాస్తు జిల్లాల్లో కలెక్టర్ దగ్గరికి, పోలీసు విచారణకు వెళ్తుంది. ఆయుధ భద్రత శిక్షణ ధ్రువపత్రం కూడా కావాలి. ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లకు లైసెన్స్ రాదు. పన్నెండేళ్లు దాటినవాళ్లు పెద్దల పర్యవేక్షణలో సాధన చెయ్యొచ్చు. పెళ్లిలో సరదాగా గాల్లోకి కాల్చినా 2019 సవరణ తర్వాత రెండేళ్లదాకా జైలు, లక్షదాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మూడో భయానికి జవాబు కొంతవరకు ఇక్కడే దొరుకుతుంది. లైసెన్స్ అక్కర్లేదు కదా అని ఆన్‌లైన్‌లో కొనేసి మేడమీద డబ్బాలు కొట్టడం మొదలుపెడితే ఎవరికైనా తలనొప్పే. ముందు శిక్షణ కేంద్రంలో చేరాలి, రాష్ట్ర షూటింగ్ సంఘం సభ్యత్వం తీసుకోవాలి. కొంటే బిల్లు మీద నేర్చుకునే అమ్మాయి పేరో తండ్రి పేరో ఉండాలి. ఆ బిల్లు, ఆధార్ నకలు, సభ్యత్వ కార్డు తుపాకీ పెట్టెలోనే పెట్టుకోవాలి. పెట్టెకు తాళం ఉండాలి, పెల్లెట్లు వేరే బీరువాలో ఉండాలి. బస్సులోనో రైల్లోనో పెట్టె తెరవకూడదు. వాట్సాప్ స్టేటస్‌లో, రీల్స్‌లో తుపాకీ ఫొటో పెట్టకూడదు. ఫొటో ఒకటే అయినా, కింద పేరు మారితే చూసేవాళ్ల కళ్లు మారతాయి. ఇది న్యాయం కాదు. అయినా పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టడంకన్నా కాగితాలు సరిగ్గా పెట్టుకుని పంపడం మేలు. జిల్లా స్థాయిలో ఒక్క సర్టిఫికెట్ వచ్చిందంటే ఆ ఇంట్లో తుపాకీ ఎందుకుందో ఎవరికీ వివరించాల్సిన పని సగం తగ్గుతుంది.

ఆడపిల్లలమీద ఏదైనా ఘోరం జరిగిన ప్రతిసారీ "అమ్మాయిలకు తుపాకులిస్తే సరిపోతుంది" అనేవాళ్లు బయల్దేరతారు. ఆ మాటకూ ఈ ఆటకూ సంబంధం లేదు. కదలని కాగితాన్ని, నిదానంగా, ఒంటి చేత్తో గురిచూసి కొట్టే సాధన వీధిలో మీదపడ్డవాణ్ని ఆపడానికి పనికొచ్చేది కాదు. ఎయిర్ పిస్టల్ బ్యాగులో పెట్టుకుని తిరగడం అమ్మాయికే ప్రమాదం. రక్షణ కోసం నేర్పిస్తామని ప్రకటనలిచ్చే కేంద్రం కనపడితే తల్లిదండ్రులు రెండో ప్రశ్న అడగకుండా వెనక్కి రావచ్చు.

డబ్బు లెక్క కాస్త గట్టిగానే వెయ్యాలి. విదేశీ పోటీ పిస్టల్ లక్షకు పైమాటే. అందుకే మొదటి ఏడాది కొనకూడదు, కేంద్రం తుపాకీతోనే నేర్చుకోవాలి. అసలు ఖర్చు పెల్లెట్లది. రోజుకు వంద చొప్పున నెలకు ఇరవై రోజులంటే రెండు వేల పెల్లెట్లు. డబ్బాకు ఐదొందలు వస్తాయి కాబట్టి నెలకు నాలుగు డబ్బాలు. స్థానిక ధరను నాలుగుతో గుణించి, ఫీజు, బస్సు ఛార్జీ కలిపి, అది పన్నెండు నెలలు మోయగలమా అన్నది చేరకముందే చూసుకోవాలి. మధ్యలో మానేసిన ఆటకు పెట్టిన డబ్బు తిరిగిరాదు. గుళ్లు లేకుండా చేసే సాధన, అంటే ఖాళీ పిస్టల్‌తో గోడమీద చుక్కను గురిచూడటం, పైసా ఖర్చు లేనిది. పెద్ద షూటర్లు కూడా రోజూ చేసేది అదే. ఉద్యోగం దృష్టితో చూసేవాళ్లకు, రాష్ట్ర ప్రభుత్వ కొలువుల్లో స్పోర్ట్స్ కోటా 3 శాతం ఉంది. అయితే ఏ స్థాయి పతకాన్ని లెక్కలోకి తీసుకుంటారో ప్రతి నోటిఫికేషన్‌లో చదువుకోవాల్సిందే. జిల్లా సర్టిఫికెట్‌తో ఉద్యోగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

పెద్ద రేంజ్ అంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది గచ్చిబౌలి. బాపట్లనుంచి రోజూ వెళ్లొచ్చే దూరం కాదు. ఇక్కడే అసలు కొరత ఉంది. పది మీటర్ల ఎయిర్ రేంజ్‌కి ఎకరాలు అక్కర్లేదు. పొడవైన గది, వెనక గట్టి గోడ, పెల్లెట్ ఆపే పెట్టెలు, వెలుతురు, తెలిసిన కోచ్ చాలు. షాదీఖానాకు చందాలు వేసుకునే ఊళ్లలో, మైనారిటీ కాలేజీల్లో ఇలాంటి గది ఒకటి ఆలోచించరాని ఖర్చేం కాదు. వారానికి రెండు సాయంత్రాలు ఆడపిల్లలకే కేటాయించి, మహిళా కోచ్‌నో, ఎన్‌సీసీ చేసొచ్చిన టీచర్‌నో పెడితే సంతకం పెట్టే చేతులు పెరుగుతాయి.

అప్పటిదాకా ఉన్న దారి ఎన్‌సీసీ. కాలేజీ తెరిచిన మొదటి వారాల్లోనే పేర్లు తీసుకుంటారు, తర్వాత అడిగితే వచ్చే ఏడాదే. తల్లిదండ్రులు ఫారం మీద సంతకం పెట్టేముందు కాలేజీ ఎన్‌సీసీ అధికారిని కలిసి, ఏడాదికి ఎన్నిసార్లు ఫైరింగ్ ఉంటుంది, క్యాంపులో అమ్మాయిలతో మహిళా అధికారి ఉంటారా, దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అని అడగాలి. ఆ మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే కలం తియ్యొచ్చు.