తెరచాప కాదు... తీగే ప్రాణం!

73 ఏళ్ల పెద్దాయన. 36 అడుగుల పడవ. దక్షిణ పసిఫిక్‌ నడిమధ్యలో ఒక్కరే! 2018 నవంబరు 5న ఓ రాకాసి అల ఆ పడవను ఎత్తి పడేసింది. తెరచాప స్తంభం నీళ్లలో మునిగి లేచింది. చూస్తే... స్తంభాన్ని పట్టి ఉంచే తీగల బోల్టు ఐదు సెంటీమీటర్ల మేర స్తంభాన్ని చీల్చుకుంటూ కిందికి జారిపోయింది. తీగలు వదులైపోయాయి.

ఆయన ఫ్రాన్స్‌కు చెందిన జాన్‌ లూక్‌ వాన్‌ డెన్‌ హీడ్‌. గోల్డెన్‌ గ్లోబ్‌ రేసులో ఉన్నారు. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, జీపీఎస్‌ లేకుండా ప్రపంచాన్ని చుట్టి రావాలి. పడవ కూడా 1988కి ముందటి డిజైన్‌దే కావాలి. మొదట చిలీ రేవుకు మళ్లిపోదామనుకున్నారాయన. తర్వాత మనసు మార్చుకుని, ఊగిపోయే స్తంభం మీదికి మళ్లీమళ్లీ ఎక్కి మరమ్మతు చేసుకున్నారు. 2019 జనవరి 29న విజేతగా ఒడ్డుకు చేరారు!

అదే రేసులో మన అభిలాష్‌ టామీ పడవ స్తంభం 2018 సెప్టెంబరులో హిందూ మహాసముద్రపు తుపానులో విరిగిపోయింది. వెన్నెముక దెబ్బతిని కదల్లేని స్థితిలో ఉన్న ఆయన్ని మూడో రోజున ఫ్రెంచి నౌక కాపాడింది. అయినా పట్టు వదల్లేదు. 2022 రేసులో మళ్లీ బయల్దేరి రెండో స్థానంలో నిలిచారు.

ఇంతకీ ఈ తీగలేంటి? కరెంటు స్తంభం ఒరిగిపోకుండా పక్కన స్టే వైరు లాగి కడతారు కదా... అలాంటివే. 19 సన్నని స్టీలు పోగుల్ని మెలిపెట్టి చేస్తారు. పదీ పదిహేనేళ్లకోసారి మార్చేయాలన్నది నావికుల లెక్క. 'స్టెయిన్‌లెస్‌కి తుప్పేంటి?' అనుకోవద్దు. దాన్ని కాపాడే పైపొర గాలి తగిలితేనే నిలుస్తుంది. తీగ కొసన ఉండే బిగింపుల్లో ఉప్పునీరు చేరి, గాలి ఆడకపోతే లోలోపలే తినేస్తుంది. అందుకే పాత పడవ కొన్నవాళ్లు ఇవి తప్పక చూడాలి.

* తీగ వెంట దూదిని రాయాలి. దారాలు చిక్కుకుంటే పోగు తెగినట్టే! ఒకటి తెగితే అదే వయసున్న తీగలన్నీ మార్చడం మేలు.

* తీగల్ని పడవకు పట్టి ఉంచే పట్టీల్ని ఊడదీసి చూడాలి. పగుళ్లు ఎప్పుడూ కనిపించని చోటే మొదలవుతాయి.

* బిగింపు మరలు విప్పుకుపోకుండా ఆపేది చిన్న పిన్నే. అది ఊడితే స్తంభానికే ఎసరు.

* కొత్తవి వేసేటప్పుడు పానాతో విప్పి చూసుకోగలిగే బిగింపులైతే సముద్రంలోనూ బాగుచేసుకోవచ్చు.

* మరీ లావు తీగలొద్దు. పైన బరువు పెరిగితే పడవ ఎక్కువగా ఒరుగుతుంది.

రేవులో ఉన్నప్పుడు స్తంభం ఎక్కి చూసుకోవడం ఓ పూట పని. అదే నడిసంద్రంలో ఎక్కాల్సివస్తే..? వాన్‌ డెన్‌ హీడ్‌నే అడగాలి!